కొండ కింద ఊళ్ళో తలుపులు చూస్తూ నడవడం ఎలా

నెల్లూరు జిల్లా ఉదయగిరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది దుర్గం కోసమే వస్తారు. బస్సు దిగుతూనే తలెత్తి కొండను చూస్తారు, నీళ్ళ సీసా కొనుక్కుంటారు, ఎక్కడం మొదలుపెడతారు. తప్పేం లేదు. 3,079 అడుగుల కొండ అది. పైన ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలుండేవని చెప్పే చోటు. శ్రీకృష్ణదేవరాయలు 18 నెలలు ముట్టడి వేస్తేగాని 1514లో ఒడిశా రాజులైన గజపతుల చేతుల్లోంచి రాని చోటు. కానీ నేను చెప్పబోయేది కొండ సంగతి కాదు, దాని కింద ఉన్న ఊరి సంగతి. ఒక పూట దుర్గాన్ని పక్కన పెట్టి, వీధుల్లో పాత తలుపులు, పాత ఇళ్ళు చూస్తూ ఎలా నడవాలో చెబుతాను.

ఎందుకు చూడాలంటే, మా ఇంట్లో జరిగింది ముందు చెప్పాలి. మా అమ్మమ్మవాళ్ళది ఈ మెట్టలోనే ఒక పల్లె. మట్టి కప్పు వేసిన చవుడు మిద్దె. తలవాకిలి ద్వారబంధం చిన్నప్పటి నా జానతో పదకొండు జానలు. పైకమ్మి మీద గజలక్ష్మి, చెరో పక్కా ఏనుగు. కుడివైపు ఏనుగుకి తొండం సగమే ఉండేది. మిగతా సగం ఎవరు విరగ్గొట్టారని అడిగితే ఇంట్లో ఒక్కొక్కరూ ఇంకొకరి పేరు చెప్పేవాళ్ళు. ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు పాత చెక్క కొనేవాళ్ళు వచ్చి, దూలాలతోపాటు ద్వారబంధాన్నీ లారీకెత్తుకుని పోయారు. మా దగ్గర దాని ఫోటో ఒక్కటీ లేదు. ఉన్న ఒకే ఒక్క పెళ్ళి ఫోటోలో తలుపు ముందు పదిహేనుమంది వరసగా నిలబడి ఉన్నారు. మనుషుల తలల మధ్య ఏనుగు చెవి ఒకటి కనపడుతుంది, అంతే.

ఈ ఊరినుంచి అపురూపమైనవి తరలిపోవడం కొత్తేం కాదు. ఇక్కడి బాలకృష్ణుణ్ణి రాయలవారు హంపీకి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించారు. దేవుణ్ణి తీసుకుపోతే శాసనమైనా వేశారు. తలుపుల్ని తీసుకుపోయేవాళ్ళు రసీదు కూడా ఇవ్వరు. అందుకని ఉన్నప్పుడే చూసి పెట్టుకోవాలి.

ఎప్పుడు వెళ్ళాలి

నెల్లూరు జిల్లాకి వానలు ఈశాన్యం నుంచి వస్తాయి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు సగం దాకా నమ్మడానికి లేదు. ఫిబ్రవరి దాటితే ఎండ మొదలవుతుంది, ఆ తర్వాత మెట్టలో రాళ్ళు కూడా కాలుతాయి. సంక్రాంతికి అటో వారం ఇటో వారం మంచి రోజులు. అప్పుడు ఊరికి దూరంగా ఉన్న పిల్లలూ ఇంటికొచ్చి ఉంటారు, గడపలకి కొత్త రంగు పడుతుంది, పెద్దవాళ్ళు మాట్లాడే తీరికలో ఉంటారు. పండగ రోజు మాత్రం పోవద్దు. ఇంటి పనిలో ఉన్నవాళ్ళని తలుపు గురించి అడగడం న్యాయం కాదు.

నెల్లూరు నుంచి ఊరు సుమారు 100 కిలోమీటర్లు. తెల్లవారి బయల్దేరితే అసలు సమయం దారిలోనే పోతుంది. ముందురోజు సాయంత్రానికే చేరుకుని, పొద్దున ఆరున్నరకల్లా వీధిలో ఉండండి. పొద్దు పొడవగానే తూర్పు వాకిళ్ళ మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. చెక్కడాన్ని చూపించేది ఆ ఏటవాలు వెలుగే. పూరేకు అంచు దగ్గర సన్నటి నీడ గీత పడి, రంగు కింద మూసుకుపోయిన చెక్కడం కూడా లేచి కనపడుతుంది. ఎండ తప్పుకుంటే అదే తలుపు బల్లపరుపు చెక్కలా అయిపోతుంది. ఉత్తరపు వాకిళ్ళకి ఈ తొందర లేదు, వాటిని చివర్లో చూసుకోవచ్చు.

పొద్దున్నే వెళ్ళడంలో ఇంకో మంచి ఉంది. ఆ వేళకి అందరి తలుపులూ తీసే ఉంటాయి. వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెడుతూ ఉంటారు. తెరిచిన తలుపు లోపలి వైపు, మూసిన తలుపు బయటి వైపు, రెండూ చూసినప్పుడే దాన్ని చూసినట్టు.

తీసుకెళ్ళాల్సినవి తక్కువే. గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు, మూడు మీటర్ల టేపు, నీళ్ళు. అరుగెక్కమంటే వెంటనే విడవగలిగే చెప్పులు వేసుకోండి, బూట్లు వద్దు. కెమెరా ఉంటే సంచిలో ఉంచండి, మెడలో వేలాడదీసుకోవద్దు. మెడలో కెమెరా ఉన్న మనిషికి ఎవరూ ఇంటి సంగతి చెప్పరు.

ఎక్కుతూ గడపలు, దిగుతూ కప్పులు

వాలు వీధిలో నడకకి ఒక పద్ధతి ఉంది. పల్లం నుంచి మొదలుపెట్టి ఎగువకు నడవండి. పల్లంలో ఉన్న మనిషికి ఎగువ ఇళ్ళ అరుగులు ఎదురుగా, కొన్నిచోట్ల ఛాతీ ఎత్తున వస్తాయి. వంగకుండానే గడపని, మెట్టు రాళ్ళని, అరుగు అంచు రాళ్ళని చూడొచ్చు. ఒకే అరుగు ఎగువ కొసన జానెడు ఎత్తులో, దిగువ కొసన నడుము దాటే ఎత్తులో ఉండటం గమనించండి. నేల వాలినా ఇల్లు వాలకూడదు కదా. ఆ తేడాని పూడ్చడానికి వాడిన రాయిని చూస్తే, కట్టించినవాళ్ళు దేనిమీద ఖర్చు పెట్టారో తెలుస్తుంది. కొందరు అడుగున పెద్ద పెద్ద కొండరాళ్ళు పేర్చి, పైవరస మాత్రం నున్నగా చెక్కించారు. చూపు పడే చోట చెక్కుడు, బరువు పడే చోట మొరటు రాయి.

దిగేటప్పుడు గడపలు చూడకండి, కప్పులు చూడండి. ఎగువనుంచి ఇంటి నెత్తి కనపడుతుంది. ఈ ప్రాంతంలో పాత కప్పులు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది చవుడు మిద్దె. గోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద సన్న కట్టెలో ఆకో గడ్డో పరిచి, ఆపైన మట్టి, ఆ మట్టి మీద చవుడు. చవుడంటే పంట పండని ఉప్పునేల మట్టి. వానకి తడిసినప్పుడు అది మెత్తబడి, పగుళ్ళు తనకు తానే పూడ్చుకుని, నీళ్ళు కిందికి దిగనివ్వదు. ఏటేటా వానల ముందు కొత్త చవుడు వేయాలి. ఆ చాకిరీ చేసేవాళ్ళు లేకనే మిద్దెలు ఎక్కువగా పోయాయి, చెక్క పుచ్చి కాదు. వెలుగు కోసం, పొయ్యి పొగ కోసం కప్పులో వదిలిన రంధ్రం, గవాచి, పైనుంచి చూస్తే బోర్లించిన చిన్న కుండతోనో రాతి పలకతోనో మూసి ఉంటుంది. అది కనపడితే దాని కిందే ఒకప్పుడు వంటిల్లో గాదెలో ఉండి ఉంటుంది.

రెండోది పెంకుటిల్లు. అందులోనూ కుమ్మరి చేతి గూనపెంకు వేరు, అచ్చుపోసిన మంగళూరు పెంకు వేరు. మూడోది మద్రాసు టెర్రస్సు. టేకు వాసాల మీద సన్న ఇటుకల్ని నిలువు అంచున, ఐమూలగా, సున్నంతో అతికించి, దానిమీద ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు వేసి రోజుల తరబడి కొడతారు. కిందినుంచి, వసారాలో తలెత్తి చూస్తే ఐమూల ఇటుకల వరసలు తెలుస్తాయి. అది కలిగినవాళ్ళ ఇల్లు.

తలుపును కిందినుంచి పైకి చూడండి

అందరూ చేసే పని ముందు పైకి చూడటం. గజలక్ష్మిని చూసి, బాగుంది అనుకుని వెళ్ళిపోతారు. మీరు కిందినుంచి మొదలుపెట్టండి.

గడప. రాయా, చెక్కా? చెక్క గడపైతే అరిగిన చోటు చూడండి. సరిగ్గా మధ్యలో అరగదు, ఒకవైపుకి ఉంటుంది. ఎందుకంటే ఇంట్లోవాళ్ళు రోజువారీ ఒక రెక్కే తీస్తారు. పసుపు పూసీ పూసీ చెక్కలోకి దిగి, కింద రంగేదో తెలియకుండా అయిపోయిన గడపలుంటాయి. వాటిని గోకకండి, తుడవకండి. ఆ పూత అంతా వారం వారం ఆ ఇంటి ఆడవాళ్ళు పెట్టిన చేయి. గడప తొక్కకూడదు, గడప మీద కూర్చోకూడదు. గడపకి అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదు. మంచినీళ్ళు ఇచ్చినా లోపలికైనా వెళ్ళి తీసుకోండి, వాళ్ళు బయటికి వచ్చేదాకానైనా ఆగండి. ఈ ఒక్కటి పాటిస్తే మీరు ఎలాంటివారో ఆ ఇంటికి తెలిసిపోతుంది.

తర్వాత నిలువు కమ్ములు. పాత ద్వారబంధాల్లో ఒక కమ్మి లోపల ఇంకో కమ్మి ఉన్నట్టు రెండు మూడు పట్టీలు చెక్కి ఉంటాయి. ఒక పట్టీలో తీగ, ఒకదాంట్లో పూసలు, ఒకదాంట్లో తామర రేకులు. తీగ ఎక్కడ మొదలైందో వెతకండి. చాలాసార్లు కింద ఒక కుండ ఉంటుంది, పూర్ణకుంభం, అందులోంచి తీగ లేచి పైదాకా పాకుతుంది. కొన్నిట్లో చిలక నోట్లోంచి మొదలవుతుంది. ఎడమ కమ్మినీ కుడి కమ్మినీ పోల్చి చూడండి. రెండూ అచ్చం ఒకలా ఉండవు. ఒకవైపు తొమ్మిది పూలు, రెండోవైపు ఎనిమిదే ఉండటం నేను చూశాను. ఆచారి చెక్కుతూ చెక్కుతూ కమ్మి చివరికి వచ్చేసరికి చోటు చాలక ఒక పూవుని మొగ్గగా మార్చేశాడు. ఆ మొగ్గ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఎన్నో ఏళ్ళ కిందట ఒక మనిషి ఆ క్షణంలో చేసిన ఆలోచన అది, ఇంకా అక్కడే ఉంది.

మూలల్లో అతుకులు చూడండి. ఇనుప మేకు కనపడదు. ఒక చెక్కకి నాలుక చెక్కి, రెండోదాంట్లో గాడి తొలిచి, రెండిటినీ కలిపి అడ్డంగా చెక్క చీల దిగ్గొట్టారు. ఆ చీల తల రూపాయి బిళ్ళంత గుండ్రంగా, చుట్టూ ఉన్న చెక్క కంటే కాస్త ముదురు రంగులో కనపడుతుంది. పైకమ్మి రెండు చివరలూ ద్వారబంధం దాటి గోడలోకి పొడుచుకుపోయి ఉంటాయి. ఆ రెండు చెవులే ద్వారబంధాన్ని గోడతో కలిపి పట్టుకునేవి. పాత చెక్క కొనేవాళ్ళు తొందరలో ఆ చెవుల్ని రంపంతో కోసేస్తారు. కొట్లలో అమ్మకానికి పెట్టిన ద్వారబంధాలకి చెవులు ఉండకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు పైకి చూడండి. గజలక్ష్మో, వినాయకుడో, శంఖు చక్ర నామాలో ఉంటే ఇంటివారి కొలుపు తెలుస్తుంది. ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళ పైకమ్మి మీద నెలవంకో, 786 అంకెలో, ఉత్త తీగెలో ఉంటాయి. రెండు రకాల ఇళ్ళూ పక్కపక్కన ఉన్న వీధిలో నిలువు కమ్ముల్ని పోల్చండి. అవే పూసలు, అవే రేకులు, అదే చెయ్యి అనిపించే చెక్కడం నాకు కనపడింది. పైకమ్మి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి దేవుడు వాళ్ళకి. పరదా కట్టి ఉన్న వాకిలి ముందు ఆగొద్దు, తొంగి చూడొద్దు. మగవాళ్ళెవరైనా బయటికొస్తే పలకరించి అడగండి.

చివరికి రెక్కలు. పాత రెక్కలకి బందులు ఉండవు. రెక్క పక్క చెక్కే పైనా కిందా బొడిపెలాగా పొడుచుకొచ్చి, గడపలోనూ పైకమ్మిలోనూ తొలిచిన గుంటల్లో తిరుగుతుంది. అందుకే ఆ కిర్రుమనే మోత. ఆముదం చుక్క వేస్తే తగ్గుతుంది. కొంతమంది వేయరు, రాత్రిపూట ఎవరొచ్చినా తెలుస్తుందని.

రెండు రెక్కలు కలిసే చోట నిలువుగా ఒక పట్టీ ఉంటుంది. చాలా తలుపుల్లో ద్వారబంధం తర్వాత ఎక్కువ పనితనం కనపడేది దాని మీదే. అది అందానికి మాత్రమే కాదు, రెక్కల సందుని కప్పడానికి. పట్టీ బయటివైపు ఉండి రెక్కలు లోపలికి తెరుచుకునేవైతే, పట్టీ లేని రెక్కే ముందు తీయాలి. మూసేటప్పుడు పట్టీ ఉన్నదాన్ని ముందు మూయాలి. లేకపోతే రెండోది కుదురుకోదు. ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళ చేతికి ఇది చూడకుండానే తెలుసు.

లోపలి గడియలు చూడనిస్తే చూడండి. గోడలో తొలిచిన గుంటలోంచి అడ్డంగా జారి వచ్చే అడ్డగడియ ఉంటే, ఆ గోడ మంచి మందంగా ఉందన్నమాట. పైకమ్మికి బిగించిన గొలుసు ఉంటే, దాన్ని రెక్క మీది కొండీకి తగిలించి తాళం వేసేవాళ్ళు.

వాకిలి పొట్టిగా ఎందుకుందని అడిగితే తల వంచి రావడానికంటారు. అదీ నిజమే కావచ్చు. అయితే మే నెలలో ఒకసారి అలాంటి ఇంట్లోకి అడుగుపెట్టి చూడండి. పొట్టి వాకిలి, మందం గోడ, చవుడు కప్పు, మూడూ కలిసి వడగాలిని బయటే ఆపుతాయి. తలవాకిలి, నడిమి వాకిలి, పెరటి వాకిలి ఒకే వరసలో ఉంటాయి కనుక సాయంత్రం మూడూ తీస్తే ఇల్లంతా గాలి ఈడుస్తుంది.

వయసు ఎలా అంచనా వేయాలి

చాలా పాతదండీ అనే మాటతో ఆగిపోవద్దు. ఇంటి మీదే ఆనవాళ్ళు ఉంటాయి.

పిట్టగోడ మీద గచ్చుతో వేసిన సంవత్సరం ముందు వెతకండి. తెలుగు అంకెల్లో ఉండొచ్చు, ౧౯౩౪ అంటే 1934. కొన్నిచోట్ల అంకె లేకుండా తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. శార్వరి అని ఉంటే అది 1900 కావచ్చు, 1960 కావచ్చు, 2020 కూడా కావచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది కదా. మిగతా ఇంటిని చూసి మూడింట్లో ఏదో తేల్చుకోవాలి.

వసారాలో ఇనుప గర్డరు ఉంటే దాని పొట్ట మీద ఉబ్బెత్తు అక్షరాలు చూడండి. డార్మన్ లాంగ్ అని ఉంటే అది ఇంగ్లండు సరుకు, ఆ కంపెనీ 1875లో మొదలైంది. టాటా అని ఉంటే ఆ ఇల్లు 1912 తర్వాతిదే, ఎందుకంటే జంషెడ్‌పూర్ కొలిమిలో ఉక్కు తయారైంది ఆ సంవత్సరంలోనే. అచ్చు పెంకులున్న కప్పు 1865కి ముందుది కాలేదు. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది అప్పుడే. పెంకు వెనక వైపు ఫ్యాక్టరీ పేరు అచ్చుపడి ఉంటుంది. పగిలి పెరట్లో పడేసిన పెంకు దొరికితే తిప్పి చూడండి.

రంగూను టేకు అని ఇంటివాళ్ళు గర్వంగా చెబుతారు. 1942లో జపాను సేనలు రంగూను పట్టుకున్నాక ఆ చెక్క రాక తెగిపోయింది. కనుక అది నిజంగా రంగూను టేకైతే అంతకు ముందుదయ్యే అవకాశమే ఎక్కువ. ఒక్క హెచ్చరిక. ద్వారబంధం వయసూ ఇంటి వయసూ ఒకటే అనుకోవద్దు. పాత ఇల్లు పడగొట్టినప్పుడు ద్వారబంధాన్ని దాచి కొత్త ఇంటికి పెట్టుకోవడం మనవాళ్ళ పాత అలవాటు. గోడకీ కమ్మికీ మధ్య సిమెంటు అతుకు కనపడితే తలుపే పెద్దది, ఇల్లు చిన్నది.

ఎలా పలకరించాలి

ఒక వాకిలి ముందు రెండు నిమిషాల కంటే ఎక్కువ నిలబడితే లోపలినుంచి ఎవరో ఒకరు వస్తారు. నాకు ఎదురైన మొదటి మాట ఇది.

"ఏంది నాయనా, తలుపునట్టా చూస్తా ఉండావు? యాడోళ్ళు నువ్వు?"

"మాదీ ఈ మెట్టేనవ్వా. మీ తలుపు బాగుంది, చూస్తన్నా. మా అమ్మమ్మోళ్ళింట్లో ఇట్టాంటిదే ఉండేది."

"ఇప్పుడు లేదా?"

"అమ్మేశారవ్వా."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అరుగు మీది చీపురు పక్కకి పెట్టి కూర్చోమంది.

మీరు ఎవరో, ఏ ఊరో, ఎందుకు చూస్తున్నారో మొదటి మాటలోనే చెప్పేయండి. ఊరి పేరు, ఇంటి సంగతి చెబితే చాలు, ఉద్యోగం సంగతి అక్కర్లేదు. తర్వాత అడగాల్సినవి అడగండి. ఈ ద్వారబంధం ఎవరి హయాంలో పెట్టారు? ఏం చెక్క? ఆచారి ఏ ఊరాయన? ద్వారబంధం నిలబెట్టిన రోజు ఆచారికి ఏం పెట్టారు? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. కొత్త బట్టలు, తాంబూలం, గడప కింద నవధాన్యాల మూట, పైన పసుపు గుడ్డ కట్టడం, ఆ రోజు జరిగినవన్నీ వాళ్ళకి ఒక్కొక్కటే గుర్తొస్తాయి. ప్రశ్న ఒక్కటే, కథ మాత్రం ఇంటి చరిత్రంతా.

అడగకూడని ప్రశ్న ఒకటుంది. అమ్ముతారా అని. ధర ఎంతుంటుంది అని కూడా వద్దు. పాత చెక్క కోసం తిరిగేవాళ్ళు ఆ వాకిలికి ముందే చాలాసార్లు వచ్చి ఉంటారు. ఆ మాట వినగానే మీరూ వాళ్ళలో ఒకరైపోతారు. అలాగే ఎవరైనా ఇది ఎర్రచందనం అని చెబితే ఆ మాట అక్కడే వదిలేయండి, రాసుకోవద్దు, ఫోటో కింద పెట్టొద్దు. ఈ వెలిగొండల్లో పెరిగే చెట్టే అయినా దాని చుట్టూ ఎంత దొంగతనం, ఎన్ని కేసులు ఉన్నాయో అందరికీ తెలుసు. మీ రాతవల్ల ఆ ఇంటికి ఇబ్బంది రాకూడదు.

ఫోటో అడిగే తీయండి. మొత్తం వాకిలి ఒకటి, గడప ఒకటి, పైకమ్మి ఒకటి, గడియ ఒకటి, నాలుగు చాలు. తలుపు సగం ఎత్తుకి కెమెరా దించి నిటారుగా పట్టుకుంటే కమ్ములు వంకర పోవు. ఫ్లాష్ వేస్తే పొద్దుటి నీడలు చెరిగిపోతాయి, వద్దు. ఇంటివాళ్ళని తలుపు పక్కన నిలబెట్టండి, ముందు కాదు. మా పెళ్ళి ఫోటో చేసిన పొరపాటు మీరు చేయకండి. ఫోటోలు కాగితం మీద వేయించి, తర్వాత వచ్చినప్పుడు ఇవ్వండి. నలుగురికీ చూపించుకునేటప్పుడు వీధి పేరు, ఇంటి గుర్తులు రాయొద్దు. పాత తలుపుల దొంగలకి దారి చూపించినట్టవుతుంది.

బొమ్మ గీయండి

బొమ్మలు రానివాళ్ళు కూడా గీయాలి. ఫోటో తీసేవాడు చూడకపోయినా ఫోటో వస్తుంది. బొమ్మ గీయాలంటే పూరేకులు లెక్కపెట్టాల్సిందే. గళ్ళ కాగితం మీద ఒక గడి ఒక బెత్తెడు అనుకుని ద్వారబంధం చట్రం వేయండి. టేపుతో వాకిలి ఎత్తు, వెడల్పు, కమ్మి మందం కొలిచి రాయండి. తొమ్మిది పూలకి బదులు ఎనిమిది పూలూ ఒక మొగ్గా ఉన్న సంగతి నాకు తెలిసింది గీస్తున్నప్పుడే. అంతకుముందు అదే తలుపుని రెండుసార్లు ఫోటో తీశాను.

చెక్క పని చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి

ఎండ ఎక్కాక ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు చేసే చోటికి వెళ్ళండి. భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. తరతరాలుగా చేస్తున్న కుటుంబాలున్నాయి. నర్ది, కలివి, దేవదారి లాంటి చెక్కల్ని రంపంతో కోసి, ఆకురాయితో రుద్ది నున్నగా చేస్తారు. గరిటె కొనుక్కోండి, అంతకంటే ముఖ్యంగా చెక్క ముక్కల్ని చేతికిచ్చి పేర్లు చెప్పమనండి. బరువు చూడండి, వాసన చూడండి, కోసిన చోట పోగులు ఎటు పోతున్నాయో చూడండి. ఇరవై నిమిషాలు అక్కడ కూర్చుంటే, పొద్దున మీరు టేకు అనుకున్న తలుపుల్లో ఒకటి రెండు వేపవేమో అని అనుమానం రావడం మొదలవుతుంది. మళ్ళీ వెళ్ళి చూడండి. వేప చెక్కకి చెద తొందరగా పట్టదు. చేతిలో డబ్బు లేనివాళ్ళు పెరటి వేపనే కొట్టించి చేయించుకున్న తలుపులు ఈ మెట్టలో చాలా ఉన్నాయి, పనితనంలో టేకుకి తీసిపోనివి.

మీ ఇంట్లోనే పాత తలుపు ఉంటే

పెయింటు మీద పెయింటు వేయకండి. ఉన్న పెయింటు తీయించాలంటే కాస్టిక్ సోడా పోసి కడిగేవాళ్ళకి ఇవ్వకండి. చెక్క పాలిపోతుంది, అతుకులు వదులవుతాయి. పొడిగా ఉప్పుకాగితం పెట్టి గీకడమూ మంచిది కాదు, పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉంటుంది, ఆ దుమ్ము పిల్లలకి ప్రమాదం. తడి గుడ్డతో అద్దుతూ, కొంచెం కొంచెంగా తీయించండి. తీశాక పచ్చి అవిసె నూనె పల్చగా రాసి, గుడ్డతో తుడిచేయండి. ఆ గుడ్డని ఉండచుట్టి పడేయొద్దు, పరిచి ఆరబెట్టండి, అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. కమ్మి అడుగున, గడపని ఆనుకున్న చోట చెద మొదలవుతుంది. ఏడాదికి రెండుసార్లు అక్కడ వేలితో తట్టి చూడండి. డొల్ల మోత వస్తే ఆలస్యం చేయకుండా ఆచారిని పిలవండి. ఇల్లు పడగొట్టక తప్పదనుకుంటే, ద్వారబంధాన్ని చెవులతో సహా, చుట్టూ గోడ తవ్వించి నెమ్మదిగా తీయించండి. కొత్త ఇంట్లో తలవాకిలికి కుదరకపోతే దేవుడి గదికి పెట్టుకోవచ్చు.

పోయిన సంక్రాంతి తర్వాత ఫోటోలు ఇవ్వడానికి ఆ అవ్వ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. చూపు బాగా తగ్గింది. ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, చేత్తో పక్కనున్న కమ్మిని తడిమి, "ఇదేగా" అంది. బయల్దేరుతుంటే ఎండ లోపలికి వస్తా ఉంది, తలుపు దగ్గరికి వేసి పొమ్మంది. నేను అలవాటుగా కుడిచేతికి అందిన రెక్కని ముందు లాగాను. లోపలినుంచి వెంటనే కేకేసింది.

"అట్టా కాదు నాయనా, పట్టీ ఉండే రెక్క ముందు."